దొరసాని పది రోజులు

ఫిబ్రవరి 9

ప్రియమైన పిడుగుకి,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు నా పిల్లి గురించి, అర పేజీ నా మోకాలి గురించి. తోడబుట్టినదానిలో నీకు ఏ భాగం ముఖ్యమో తెలిసిపోయింది.

మోకాలు బాగానే ఉంది. దొరసాని కూడా బాగానే ఉంది. ప్రస్తుతం నేను రాస్తున్న కాగితం మీదే పడుకుని ఉంది, అందుకే ఈ పేజీలో వరసలన్నీ కుడి మూలకి ఒదిగిపోతున్నాయి. జరగమంటే ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసింది.

ఇవన్నీ ఫోన్లో చెప్పేసేదాన్నే గాని నా చెవుల సంగతి నీకు తెలుసు. పోయినసారి నువ్వు పది నిమిషాలు అరిస్తే నాకు వినబడింది రెండే మాటలు, అందులో ఒకటి తిట్టు. మన ఇద్దరికీ కాగితమే మేలు. మూడు రోజులు ఆలస్యమైనా మాట పూర్తిగా అందుతుంది.

ఇక టీకా. నువ్వు రోజంతా చచ్చిన జంతువుల మెదళ్ళలో రేబిస్ వెతుకుతూ కూర్చుంటావు కాబట్టి నీకు తోకున్న ప్రతిదీ అనుమానమే. నా ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. కిటికీలకి వల ఉంది. దొరసాని పుట్టిన రెండో నెలలో నా సంచిలో పైకి వచ్చింది, ఏడేళ్ళయింది, ఇంతవరకు మెట్లు ఎలా ఉంటాయో చూడలేదు. తలుపు తీస్తే గడప దగ్గర ఆగి, బయట వాసన చూసి, అసహ్యించుకుని లోపలికి వెళ్ళిపోతుంది. పిచ్చికుక్క ఏదైనా నాలుగంతస్తులు ఎక్కి, గంట కొట్టి, లోపలికి వచ్చి దీన్ని కరవాలి. అలాంటి మర్యాదస్తురాలైన కుక్క వస్తే అప్పుడు చూద్దాం.

ఎగతాళి పక్కన పెట్టి చెబుతాను. దొరసానికి ముందున్న పిల్లి, మసిగాడు, నీకు గుర్తుండే ఉంటాడు. వాడికి ఏటా సూది వేయించాను, ఎవరు చెప్పినా చెప్పకపోయినా. ఆ సూది గుచ్చిన చోటే, భుజాల మధ్య, గడ్డ లేచింది. డాక్టరమ్మ రెండుసార్లు కోసింది. మూడోసారి నేనే వద్దన్నాను. వేలల్లో ఒక్క పిల్లికి అలా అవుతుందని ఆవిడ చెప్పింది. నిజమే కావచ్చు, ఆ ఒక్కటి నా ఒళ్ళో పోయింది. రాని జబ్బు కోసం వచ్చే గడ్డని మళ్ళీ కొని తెచ్చుకోను.

మ్యూజియంలో ఈ వారం నా బల్ల మీదికి చచ్చిన కొంగ ఒకటి వచ్చింది. చర్మంలో దూది కూరి, రెక్కలు విప్పి నిలబెట్టాలట. మెడలో తీగ ఎంత వంచినా అది ఏదో తప్పు చేసినదానిలా చూస్తోంది. పిల్లలు వచ్చి నవ్వకుండా ఉంటే చాలు.

నీ చెవిటి అక్క

*

ఫిబ్రవరి 16

ప్రియమైన అక్కకి,

నీ లెక్క తప్పని నేను అనను. లోపలే ఉండే పిల్లికి రేబిస్ రావడం చాలా అరుదు. అది నీకంటే నాకే బాగా తెలుసు, ఎందుకంటే అరుదైనవి కూడా చివరికి నా బల్ల మీదికే వస్తాయి.

కాని నువ్వు లెక్క వేస్తున్నది జబ్బు గురించి ఒక్కటే. నేను చెప్పేది వేరే.

పోయిన ఏడాది మా పరీక్షశాలకి నూట నలభై రెండు పిల్లులు వచ్చాయి. పిల్లులంటే తలలు. పెట్టెలో మంచు మధ్య, మీద చీటీతో వస్తాయి. మెదడులోంచి రెండు చోట్ల పలచని ముక్కలు తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు అద్దం కింద చూస్తాను. జబ్బుంటే పచ్చటి చుక్కలు మెరుస్తాయి. నూట నలభై రెండింటిలో మెరిసినవి మూడు. మిగతా నూట ముప్ఫై తొమ్మిదికీ ఏ జబ్బూ లేదు. అయినా చచ్చిపోయాయి.

అందులో చాలావరకు వీధివి. కొన్నింటికి ఇల్లు ఉంది, గిన్నె ఉంది, మెడకి పట్టీ ఉంది. టీకా కాగితం లేదు. పిల్లి మనిషిని కరిస్తే పది రోజులు కనిపెట్టుకుని చూడొచ్చు. కరిచిన రోజున ఎంగిలిలో జబ్బు ఉండి ఉంటే, పది రోజుల్లోపు అది మంచాన పడి తీరుతుంది. పదో రోజున బతికి ఉండి తింటోందంటే ఆ కాటుతో భయం లేదు. కాని అది అంతకుముందే ఏదైనా అనుమానం ఉన్న జంతువుని పట్టిందని తెలిస్తే, టీకా లేని పిల్లి మీద ఎవరూ పందెం కాయరు. నిద్రపుచ్చి మా దగ్గరికి పంపించేస్తారు. నేను కోస్తాను. ఏమీ లేదని రాస్తాను. ఆ కాగితం వాళ్ళింటికి వెళ్తుంది.

అది వెళ్ళేసరికి ఆ ఇంట్లో ఎలా ఉంటుందో నేను చూడను. నా పని సంతకం వరకే.

అక్కా, సూది పిల్లిని జబ్బు నుంచి కాపాడేది కొంచెమే. మా బల్ల నుంచి కాపాడేది ఎక్కువ.

మసిగాడికి వేసిన రకం టీకా ఇప్పుడు పిల్లులకి వెయ్యడం లేదు. గడ్డ భయం బాగా తక్కువున్న రకం వచ్చింది. భుజాల మధ్య కాకుండా కాలి చివర వేస్తారు. డాక్టరమ్మని అడుగు. అడగను అంటావని తెలుసు. అయినా రాశాను.

కొంగ మెడని నువ్వే నిందించకు. కొంగలు పుట్టుకతోనే అలా చూస్తాయి.

నీ చెల్లెలు

*

ఏప్రిల్ 2

ప్రియమైన పిడుగుకి,

ఆరు వారాలు జవాబు రాయలేదని కోపంగా ఉంటావు. రాస్తే మళ్ళీ టీకా మాట ఎత్తాలి కాబట్టి రాయలేదు. ఇప్పుడు కబురు ఉంది కాబట్టి రాస్తున్నాను.

మా దొరసాని వేటాడింది! ఆదివారం పొద్దున కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నాను. స్నానాల గదిలోంచి తోక నిటారుగా ఎత్తుకుని నడిచి వచ్చింది. నోట్లో నల్లగుడ్డ పీలికలాంటిది ఉంది. నా చెప్పుల పక్కన పెట్టి, నేను మెచ్చుకునేదాకా కూర్చుంది. చూస్తే గబ్బిలం. గాలి కోసం పైన ఉన్న కంతలోంచి దూరినట్టుంది, దానికి వల వెయ్యాలని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇంకా కొంచెం కొట్టుకుంటోంది. నేను డబ్బా తెచ్చేసరికి పోయింది. ఏడేళ్ళలో దొరసాని ఈగని కూడా పట్టలేదు. నాకు గర్వంగానే అనిపించింది.

చిన్నదే అయినా ఎంత చక్కటి నమూనా అనుకున్నావు! రెక్క ఎక్కడా చిరగలేదు. మా గదిలో గబ్బిలాల పని చూసే ఆవిడ సెలవులో ఉంది, నేనే కూర్చుని పూర్తి చేశాను. చర్మం ఒలిచి, రెక్కలు అట్ట మీద గుచ్చి, పుర్రె వేణ్ణీళ్ళలో నానబెట్టి, వంకీ తీగతో లోపలంతా శుభ్రం చేశాను. గింజంత పుర్రె, పళ్ళన్నీ ఉన్నాయి. చీటీ మీద పట్టినవారి పేరు రాసే చోట దొరసాని అని రాశాను. పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదో.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నాకు వచ్చింది నీకూ రావాలి కదా, ఒకే ఇంటి ఎముకలు.

నీ అక్క

*

ఏప్రిల్ 5

అక్కా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఇందులో సగం నీకు తెలిసిపోయి ఉంటుంది. నీ ఉత్తరం చదివిన ఐదు నిమిషాలకి మీ మ్యూజియం ఆఫీసుకి ఫోన్ చేశాను. గుమాస్తా చేత కాగితం మీద రాయించి నీకు చూపించమన్నాను. మళ్ళీ రాస్తున్నాను.

ఒకటి, నువ్వు ఆసుపత్రికి వెళ్ళాలి. పగలు ఇంటి లోపలికి వచ్చి, పిల్లికి దొరికిపోయిన గబ్బిలం మామూలు గబ్బిలం కాదు. జబ్బు ఉన్నదైనా కావచ్చు, లేనిదైనా కావచ్చు. నువ్వు దాని మెదడు చేత్తో తీశావు. చేతి తొడుగులు వేసుకున్నానంటావు. నీ చేతి తొడుగులకి ఎన్ని చిల్లులుంటాయో నేను చూశాను. నాలుగు సూదులు, రెండు వారాల్లో. ఒక్కటి కూడా మానకు.

రెండోది దొరసాని సంగతి. ఆ గబ్బిలాన్ని మంచులో పెట్టి నాకు పంపి ఉంటే మర్నాటికల్లా తేలిపోయేది. ఏమీ లేదని తేలితే నీ పిల్లి నీ కాగితాల మీదే పడుకునేది. నువ్వు మెదడు కడిగి కాలవలో పోశావు. చూడ్డానికి ఇంక ఏమీ మిగల్లేదు. చూడలేనప్పుడు ఉన్నట్టే లెక్క. మా పనిలో అదే పద్ధతి.

మీ ఊరి జంతువుల ఆఫీసుకి నేనే చెప్పాను. చెప్పక తప్పదు, నా ఉద్యోగమే అది. అధికారి వస్తాడు. అతనితో పోట్లాడకు. అతను రెండు దారులు చెబుతాడు. రెండోది ఎంచుకో.

చెల్లెలు

*

ఏప్రిల్ 14

ప్రియమైన చెల్లికి,

మూడు సూదులు అయ్యాయి. నాలుగోది పంతొమ్మిదిన. చెయ్యి బరువెక్కింది తప్ప ఇంకేమీ లేదు.

అధికారి ఏడో తారీఖున వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు. పిల్లి వెంట్రుకలు పడవట, మాట మాటకీ తుమ్ముతాడు. ఇలాంటివాడు ఈ ఉద్యోగంలో ఎందుకు చేరాడో తెలియదు. రెండు దారులూ నిలబడే చెప్పాడు. ఇవాళే నిద్రపుచ్చి నీ దగ్గరికి పంపడం ఒకటి. నాలుగు నెలలు ఒంటరి గదిలో, ఎవరూ ముట్టుకోకుండా ఉంచడం రెండోది. నీ దగ్గరికి అన్నాడంటే నీ పేరు చెప్పలేదులే, "పరీక్షశాలకి అమ్మా" అన్నాడు. అదే కదా.

సామాను గది ఖాళీ చేశాను. వడ్రంగి వచ్చి లోపల ఇంకో జాలీ తలుపు బిగించాడు. ఒకటి మూశాకే రెండోది తీయాలి. గిన్నెలు పొడుగు కాడ ఉన్న పళ్ళెంతో లోపలికి తోస్తాను. మట్టి పెట్టె మార్చేటప్పుడు మోచేతి దాకా తోలు తొడుగులు. ఆగస్టు ఏడు వరకు ఇంతే. టీకా కూడా అప్పుడే వేశారు. ఏడేళ్ళు నేను వద్దన్న సూది అర నిమిషంలో అయిపోయింది. అది కనీసం అరవలేదు.

ఇప్పుడు అరుస్తోంది. నాకు సరిగ్గా వినబడదు గాని జాలీ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. పొద్దున పనికి వెళ్ళే ముందు కుర్చీ వేసుకుని ఇవతల కూర్చుంటాను, అది అవతల కూర్చుంటుంది. జైల్లో ఉన్నవాళ్ళని చూడ్డానికి వచ్చినట్టు ఉంటుంది.

నేనెందుకు అలా చేశానని అడుగుతావు. ఎవరూ అడగకపోయినా నేనే అడుగుతున్నాను. గబ్బిలాల బల్ల దగ్గర కూర్చునే ఆవిడకి ముందే టీకాలు వేయించి ఉంచుతారు, మిగతావాళ్ళు ముట్టుకోకూడదు. గోడ మీద రాసి ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ గోడ చూస్తున్నాను. కాని చచ్చిన జంతువు చేతికొస్తే నా చేతులు నన్ను అడగవు. కత్తి తీసుకున్నాయి, పని చేసేశాయి. వేరే ఎవరైనా అయితే చీపురుతో తోసి చెత్తలో వేసేవాళ్ళు. ఆ చెత్తడబ్బాలోంచైనా తీసి నీకు పంపడానికి ఏదో ఒకటి ఉండేది. నేను కాబట్టి అంత శుభ్రంగా పాడుచేశాను.

నువ్వు ఆఫీసుకి చెప్పావని నాకు కోపం లేదు. ఉంది, కొంచెం. చెప్పొద్దని అనను. నాకు ముందు చెప్పి తర్వాత వాళ్ళకి చెప్పు, అంతే. నా ఇంటి కబురున్న కాగితం చేతికివ్వకుండా గుమాస్తా గట్టిగా చదివి వినిపిస్తే, గది నిండా మనుషుల ముందు, నాకు ఎలా ఉంటుంది? ఇంకోసారి అలా చెయ్యనని మాట ఇవ్వు.

అక్క

*

ఏప్రిల్ 20

ప్రియమైన అక్కకి,

మాట ఇస్తున్నాను. దొరసాని గురించి ఏం చెప్పాల్సి వచ్చినా ముందు నీకు, తర్వాతే వాళ్ళకి.

నేను రాసిన ఉత్తరం తర్వాత తలుచుకుంటే తపాలా ఆఫీసు నోటీసులా ఉంది. భయం వేస్తే నాకు అలాగే వస్తుంది. ఆ రోజు ఫోన్ పెట్టేశాక సాయంత్రం దాకా అద్దం ముట్టుకోలేదు. పక్క బల్ల అతను నా పెట్టెలు కూడా చూశాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఈ నాలుగు నెలల్లో అది ఎవరినైనా కరిస్తే, నిన్నైనా సరే, ఆ రోజే ఆఫీసుకి చెప్పాలి. అప్పుడు ఒంటరి గది ఉండకపోవచ్చు. దాన్ని తీసుకుపోతారేమో. అందుకే కరవనివ్వకు. తొడుగులు లేకుండా ఆ రెండో తలుపు తీయకు. అది ఎంత అరిచినా, ఎంత ముద్దుగా చూసినా.

ఎనభై రోజులు దాటితే పెద్ద గండం గడిచినట్టే. చాలావరకు ఆలోపే బయటపడుతుంది.

నీ పిడుగు

*

జూన్ 3

ప్రియమైన చెల్లికి,

ఆఫీసు టైపు మిషను మీద రాస్తున్నాను. కీళ్ళ నొప్పి, కలం పట్టుకోలేకపోతున్నాను. వానాకాలం వస్తోంది కదా.

దొరసాని కులాసా. బాగా తింటోంది. యాభై ఏడు రోజులు అయ్యాయి. కొంగని హాల్లో పెట్టారు. ఎవరూ నవ్వలేదు.

నువ్వు ఆరోగ్యం చూసుకో.

అక్క

*

జూన్ 6

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం పొద్దున అందింది. ఇది మధ్యాహ్నం రాస్తున్నాను.

నీ కీళ్ళ నొప్పులు నాకు తెలుసు. పదేళ్ళ కిందట కుడి చెయ్యి విరిగినప్పుడు ఎడం చేత్తో ఆరు పేజీలు రాశావు, కోడి కెలికినట్టు ఉన్నా రాశావు. నువ్వు నాకు టైపు కొట్టి పంపడం ఇదే మొదలు. అందులో ఒక్క ఎగతాళి లేదు. నా మోకాళ్ళ గురించి అడగలేదు.

కుడి చేతికి ఏమైంది? ఎప్పుడు? నిజం రాయి.

నీ చెల్లెలు

*

జూన్ 12

ప్రియమైన పిడుగుకి,

నిజమే రాస్తున్నాను, కలంతో రాస్తున్నాను. బొటనవేలు ఇంకా వంగడం లేదు కాబట్టి అక్షరాలకి క్షమించు.

జూన్ ఒకటిన, పొద్దున, గిన్నె పెట్టడానికి వెళ్తే దొరసాని జాలీకి వేలాడుతోంది. ముందు కాలి గోరు తీగలో ఇరుక్కుంది. ఎంత సేపటి నుంచో తెలియదు. కాలు సాగిపోయి ఉంది. తోలు తొడుగుతో ప్రయత్నించాను. ఆ లావు వేళ్ళతో గోరు దొరకదు. తొడుగు తీసేశాను. గోరు విడిపించాను. విడిపించిన మరుక్షణం బొటనవేలి మొదట్లో కరిచింది, నాలుగు పళ్ళూ దిగేలా. తర్వాత మూలకి పోయి నక్కింది. దాని తప్పేముంది? నొప్పి పెట్టిన చేతినే అది కరిచింది.

సబ్బుతో పావుగంట కడిగాను, నువ్వు నేర్పినట్టే. కట్టు కట్టాను. కూర్చుని ఆలోచించాను.

నేను నాలుగు సూదులూ వేయించుకున్నదాన్ని. కరిచింది నన్నే, పక్కింటివాళ్ళని కాదు. ఇందులో మూడో మనిషి లేడు. ఆఫీసుకి చెబితే దాన్ని పెట్టెలో పెట్టి నీ బల్ల మీదికి పంపుతారు. నీకు చెబితే నువ్వు చెప్పి తీరతావు. లేదా నా కోసం చెప్పకుండా ఉండిపోయి, అద్దం ముట్టుకోలేక, జీవితాంతం నన్ను చూసి తల దించుకుంటావు. రెండిట్లో ఏదీ నీకు రానివ్వకూడదని అనుకున్నాను. పది రోజుల లెక్క నువ్వు చెప్పిందే. పది రోజులు నోరు నొక్కుకుంటే ఏదో ఒకటి దానంతట అదే తేలుతుంది. అందుకే టైపు కొట్టాను. నీ ప్రశ్న తొమ్మిదో తారీఖున అందింది. జవాబు రాయకుండా దాన్ని డ్రాయరులో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ పది రోజులూ నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. నీళ్ళు తాగిందా, మింగుతోందా, కన్ను వెలుగుకి ముడుచుకుంటోందా. పనిలో ఉండగా మూడుసార్లు ఇంటికి వచ్చేశాను, కడుపునొప్పి అని చెప్పి.

అదృష్టం చూడు, సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ తుమ్ముల అధికారి తనిఖీకి వచ్చాడు. ఏడో తారీఖున ఒకసారి, తొమ్మిదిన ఒకసారి, నిన్న ఒకసారి. గదిలో పెట్టి రెండు నెలలు దాటిన పిల్లులన్నింటినీ ఇలాగే చూస్తున్నారట. నేను తోటపని తొడుగు వేసుకుని, "కుండీలో మొక్కలు మారుస్తున్నానండీ" అన్నాను. నా ఇంట్లో కుండీ ఒక్కటీ లేదు. అతను చూసుకోలేదు. పిల్లి చేత నీళ్ళు తాగించి చూసి, తుమ్మి, కాగితం మీద టిక్కు పెట్టి వెళ్ళాడు. మొదటిసారి వచ్చిన రోజే పోతూ పోతూ, ఒంటరి గదిలో పిల్లి ఉన్న ఇళ్ళవాళ్ళందరూ రెండో నెలలో ఇంకో రెండు సూదులు వేయించుకోవాలని చీటీ ఇచ్చాడు. అదీ మంచిదే అయిందని ఏడునా పదినా వేయించుకున్నాను. ఇంత అమాయకుణ్ణి ఈ ఉద్యోగంలో ఎవరు పెట్టారో గాని, వాడి కడుపు చల్లగా ఉండాలి.

నిన్నటికి పది రోజులు. దొరసాని ఇవాళ పొద్దున గిన్నె మొత్తం నాకి, గిన్నెని కూడా తోసేసింది. ఆ కాటుకి భయం లేదు. ఇప్పుడు చెప్పడానికి ఏమీ లేదు, దాచడానికీ ఏమీ లేదు. నువ్వు ఏమీ చెయ్యనక్కర్లేదు. నిన్ను ఇరకాటంలో పెట్టకుండా దాటించానని కొంచెం గర్వంగానే ఉంది.

తిట్టాలనుంటే తిట్టు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ చెవిటి అక్క

*

జూన్ 15

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదివితే ఇది రాయలేను కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ఆ అధికారి అమాయకుడు కాదు. మీ ఇంట్లో కుండీలు లేవని అతను మొదటి రోజే చూశాడు. నీ తొడుగు కింద కట్టు ఎంత లావుగా ఉందో కూడా రాసుకున్నాడు. రెండో నెల తనిఖీ అనేది ఎక్కడా లేదు. రెండు అదనపు సూదులు అందరికీ వెయ్యరు. నాలుగు వేయించుకున్న మనిషిని మళ్ళీ కరిస్తే వేస్తారు.

జూన్ ఆరున, నీ టైపు కాగితం అందిన పొద్దున, నేను చెప్పాను.

నీ ఉత్తరంలో ఏముందో అర్థం కావడానికి నాకు ఎంతో సేపు పట్టలేదు. మా పరీక్షశాల పెద్దాయన గదిలోకి వెళ్ళి, మా అక్కని పిల్లి కరిచింది, ఆవిడ దాస్తోంది అన్నాను. రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. తర్వాత ఇంటికి వచ్చి, ఏమీ తెలియనట్టు, నీ చేతికి ఏమైంది అని నీకు రాశాను. ముందు నీకు చెబుతానని మాట ఇచ్చాను. ముందు వాళ్ళకే చెప్పాను. నీకు తెలిస్తే పిల్లిని సంచిలో వేసుకుని ఎక్కడికైనా పోతావని, నీకు చెప్పొద్దని అధికారిని అడిగింది కూడా నేనే.

దాన్ని ఎందుకు తీసుకుపోలేదో చెబుతాను. అధికారి మా పెద్దాయనతో ఫోన్లో గంట సేపు మాట్లాడాడు. కరిచింది టీకా ఉన్న మనిషిని. పిల్లి అప్పటికే గదిలో ఉంది. మొదటి రోజే దానికీ టీకా పడింది. పది రోజులు దాటకముందే చెప్పారు. కాబట్టి పది రోజులు చూద్దాం, ఒక్కపూట తిండి మానినా తీసుకొస్తాను అన్నాడు. ఎవరూ చెప్పకుండా, నీ చేతి మచ్చ తర్వాత ఎప్పుడో బయటపడి ఉంటే చూడ్డానికి పది రోజులు ఇచ్చేవాళ్ళు కాదు. దాచిన కాటుకి ఒకటే దారి. ఆగస్టు ఏడున విడిచిపెట్టే ముందు నీ చేతులు కూడా చూస్తారు, అక్కా. అది నీకు తెలియదు.

ఇక్కడితో ఆపేస్తే నేనే దాన్ని బతికించానని నువ్వు అనుకుంటావు. నాకు దండం పెట్టినా పెడతావు. అందుకే మిగతాది కూడా రాయాలి.

సంతకం పెట్టేటప్పుడు ఇవేవీ నాకు తెలియవు. దాన్ని చంపుతారనే అనుకున్నాను. ఆ వెంటనే మా గదిలోకి వచ్చి, మీ ఊరి పెట్టె వస్తే ఎవరూ ముట్టుకోకండి, నేనే కోస్తాను అని అందరికీ చెప్పాను. పదో రోజు దాటేదాకా పెట్టెలు వచ్చినప్పుడల్లా ముందు చీటీ చూశాను. అది చస్తుందని తెలిసే చెప్పాను. నువ్వు నా మొహం చూడవని తెలిసే చెప్పాను. మళ్ళీ అదే పొద్దు వస్తే మళ్ళీ అదే చేస్తాను. నీ వేలికి నాలుగు పళ్ళు దిగాయి, నాకు ముందు కనిపించింది నువ్వే. పిల్లి తర్వాతే.

నువ్వు నన్ను ఇరకాటంలో పెట్టకూడదని పది రోజులు నోరు నొక్కుకుని కూర్చున్నావు. నీ ఉత్తరంలో ఆ ముక్క దగ్గర నాకు ఏడుపు వచ్చింది.

నీకు కోపం వస్తుంది. రానీ. రాయకపోయినా పర్వాలేదు. శనివారం పొద్దున బండికి వస్తున్నాను, వారం రోజులు సెలవు పెట్టాను. నువ్వు తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను.

నీ చెల్లెలు